కిస్తు కట్టే ముందు వెనక మూత తీసి చూడండి

"దీంట్ల ఇంక ఏం లేదు సార్. పాతదైపోయింది. కొత్తది తీస్కోండ్రి."

పోయిన ఏడాది రంజాన్ పండుగ అయిన వారానికి ఆర్మూర్‌లో ఒక కంప్యూటర్ దుకాణంలో విన్న మాట ఇది. కౌంటర్ దగ్గరి పిల్లగాడు మా లాప్‌టాప్ తెరిచాడు. తెర మీద చుక్కలు గుండ్రంగా తిరుగుతుంటే అర నిమిషం చూశాడు, మూసేశాడు. పేచ్‌కస్ చేతికి తీసుకోలేదు. లోపల ఏముందో అడగలేదు. కొత్త మోడళ్ల కాగితం ముందుకు జరిపాడు. 42,000 రూపాయలది, నెలకు 3,500, పన్నెండు కిస్తులు, జీరో వడ్డీ.

నేను ఆధార్ కార్డు కోసం జేబులో చెయ్యి పెట్టాను. అబద్ధం ఎందుకు, పెట్టాను. మా పెద్దమ్మాయి బీఎస్సీ కంప్యూటర్స్ రెండో ఏడాది. ప్రాజెక్టు పని నెత్తి మీదుంది. లాప్‌టాప్ మీట నొక్కి, వంటింట్లోకెళ్లి చాయ్ పెట్టుకుని, తాగి వచ్చినా తెర పూర్తిగా వచ్చేది కాదు. ఆరు నిమిషాలు. గడియారం పెట్టి చూశాను. పిల్ల చదువు కంటే 42,000 ఎక్కువా అనిపించింది. కిస్తులోళ్లకు కావలసింది కూడా మనకు అలా అనిపించడమే.

అప్పుడు బిటియా నా మోచెయ్యి పట్టి లాగింది. "అబ్బూ, నక్కో. పహలే ఖోల్‌కే దేఖేంగే."

ముందు విప్పి చూద్దాం. ఇంతకంటే పెద్ద మాట ఈ వ్యాసంలో నేను చెప్పబోయేది ఏమీ లేదు. కానీ ఆ మాట మన ఇళ్లలో ఎందుకు వినపడట్లేదో చెప్పాలని ఉంది.

ఆ లాప్‌టాప్ కథ కూడా మీలో చాలామంది ఇంటి కథే. 2018లో మా చెల్లెలి భర్త దమ్మామ్ నుంచి సెలవు మీద వస్తూ తెచ్చాడు. మీటల మీద ఇంగ్లీషు అక్షరం పక్కనే అరబీ అక్షరం. ఖజూర్ డబ్బాలు, కంబళ్లతో పాటు సూట్‌కేసులో వచ్చింది. ఫుప్పా ఇచ్చిందని పిల్లలు దానికి ఇచ్చిన ఇజ్జత్ అంతా ఇంతా కాదు. నేనూ దాని మీద వార్తలు పంపాను. కరోనా ఏడాది పిల్లలు ముగ్గురూ దాని ముందే వంతులేసుకుని క్లాసులు విన్నారు. 2021లో అల్లాహ్‌కు ప్యారీ అయిపోయిన మా అమ్మీ గొంతు, పిల్లలకు కహానీలు చెబుతుంటే పెద్దమ్మాయి రికార్డు చేసినవి, అందులోనే ఉన్నాయి. "ఫార్మాట్ కొట్టి చూద్దామా సార్" అని దుకాణపాయన అడిగినప్పుడు నాకు గుండె జారింది అందుకే.

ఆ రాత్రి బిటియా నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడు మీటలు కలిపి నొక్కింది. టాస్క్ మేనేజర్ అనే కిటికీ వచ్చింది. ప్రాసెసర్ పది శాతం కూడా పని చేయట్లేదు. హాయిగా కూర్చుంది. మెమరీ తొంభై దాటింది. డిస్క్ వంద దగ్గర ఆగిపోయింది. "చూడు అబ్బూ, దిమాగ్ ఖాళీగానే ఉంది. జాగా లేదు, అంతే."

నాకు అర్థమైన రీతిలో చెబుతాను, కంప్యూటర్ చదివినవాళ్లు మాఫ్ చేయాలి. ర్యామ్ అంటే దస్తర్‌ఖాన్. ఇప్పుడు తినాల్సినవన్నీ దాని మీద పరచాలి. హార్డ్ డిస్క్ అంటే సామాను గది. మా దాంట్లో దస్తర్‌ఖాన్ 4 జీబీ. ఇవాళ్టి రోజుల్లో విండోస్, దాని మీద ఒక బ్రౌజర్ తెరిస్తేనే అది నిండిపోతుంది. ఇంకో గిన్నె పెట్టాలంటే ఒక గిన్నె తీసి సామాను గదిలో పెట్టి రావాలి. మళ్లీ అది కావాలంటే గదికి పోవాలి. మరి ఆ గదిలో ఉన్నది ఏమిటి? నిమిషానికి 5,400 చుట్లు తిరిగే పళ్లెం, దాని మీద గ్రామఫోన్ ముల్లులా అటూ ఇటూ కదిలే చెయ్యి. చిల్లరమల్లరగా పడివున్న ఫైళ్లను వెతికి తేవాలంటే సెకనుకు నూరు సార్లు పోయి రావడమే దానికి గొప్ప. ఎస్‌ఎస్‌డీలో తిరిగేది ఏదీ లేదు. అదే పని సెకనుకు వేల సార్లు చేస్తుంది. పెద్ద ఫైలు చదవడంలో కూడా పాత డిస్క్ సెకనుకు సుమారు 100 ఎంబీ ఇస్తే, మామూలు సాటా ఎస్‌ఎస్‌డీ 500 దాకా ఇస్తుంది. లాప్‌టాప్ ముసలిదైపోలేదు. గదికీ దస్తర్‌ఖాన్‌కీ మధ్య నడిచి నడిచి అలసిపోయింది.

ఈ రెండు ముక్కలు మారిస్తే సరి. ఎంతవుతుంది? నా దగ్గర రసీదులు ఉన్నాయి. 8 జీబీ ర్యామ్ 1,650. 500 జీబీ ఎస్‌ఎస్‌డీ 2,900. పాత డిస్క్‌లోది కొత్తదాంట్లోకి ఎక్కించడానికి యూఎస్‌బీ తీగ 350. చిన్న పేచ్‌కస్‌ల డబ్బా 250. మొత్తం 5,150 రూపాయలు. 2025 ఏప్రిల్ ధరలు ఇవి. ఇప్పటి ధరల సంగతి తర్వాత చెబుతాను, అది వేరే బాధ.

5,150కీ 42,000కీ మధ్య తేడా ఎవరైనా లెక్కేస్తారు. నేను లెక్కేయమనేది ఆ "జీరో వడ్డీ"ని. అదే మోడల్‌ను నగదు ఇస్తే ఎంతకిస్తావని అడిగాను. 39,500 అన్నాడు. పైన ప్రాసెసింగ్ ఫీజు వేరే. అంటే 2,500, ఆ ఫీజు కలిపి, ఎవరి జేబులోకి పోతున్నట్టు? దానికి పేరు పెట్టకపోతే అది సూద్ కాకుండా పోతుందా? ఇది మౌల్వీ సాబ్‌ను అడగాల్సిన ప్రశ్న అని నన్ను తిట్టకండి. 2013 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు బ్యాంకులకు ఇదే చెప్పింది. జీరో వడ్డీ అనేదే లేదు, వడ్డీని ఫీజుల్లో దాచి గ్రాహకుడిని మభ్యపెట్టొద్దు అని. ఆ తర్వాత పేరు మారి "నో కాస్ట్" అయింది. నగదు మీద వచ్చే రాయితీ మనం వదులుకుంటాం, అదే వడ్డీగా పోతుంది. మన ఇళ్లలో బ్యాంకు వడ్డీ తీసుకోవడానికి వెనకాడే పెద్దలు కూడా ఫోన్లు, ఫ్రిజ్‌లు, లాప్‌టాప్‌ల దగ్గర కిస్తులు కళ్లు మూసుకుని కడుతున్నారు. కొత్తది కొనొద్దని నేననను. అవసరమైతే కొనాల్సిందే. కానీ ఐదు వేలతో మూడేళ్లు నడిచేదాన్ని పక్కన పడేసి నలభై వేల ఖర్జ్ నెత్తికెత్తుకోవడం తక్లీఫ్‌ను డబ్బులిచ్చి కొనుక్కోవడమే.

ఇంకో మాట ఉంది. బయట తక్కువ మాట్లాడతాం గానీ ప్రతి ఇంట్లో ఉన్న మాట. రెండేళ్ల కింద ఇదే లాప్‌టాప్‌ను ఇంకో ఊళ్లో ఒక చోట రిపేరుకిచ్చాం. పాస్‌వర్డ్ కాగితం మీద రాయించుకున్నాడు. మూడు రోజులు ఉంచుకున్నాడు. ఆ మూడు రాత్రులు నా కూతురు సరిగా నిద్రపోలేదని నాకు తర్వాత తెలిసింది. అందులో వాళ్ల ఖాలా కూతురి నిఖా ఫోటోలున్నాయి, ఇంట్లో ఆడవాళ్లం ఓఢ్నీ లేకుండా నవ్వుకుంటూ తీసుకున్నవి. ఆయన ఏమీ చేసి ఉండడు. మంచివాడే అయ్యుంటాడు. కానీ తెలియదు కదా. పాస్‌వర్డ్ ఇచ్చిన తర్వాత తెలుసుకునే దారి కూడా లేదు. పర్దా గురించి గంటలు గంటలు తఖ్రీర్లు వినే మనం, ఇంటి మొత్తం ఆల్బమ్‌ను అజ్నబీ బల్ల మీద పెట్టి వచ్చేటప్పుడు ఎందుకు ఆలోచించం? ఇంట్లోనే, ఆ పిల్ల చేతనే విప్పించడం కంటే దీనికి వేరే ఇలాజ్ నాకు తెలియదు.

సరుకు కోసం నేనే సికింద్రాబాద్ పోయాను, ఎలాగూ ఆఫీసు పని ఉంది. జేబీఎస్‌లో దిగి పార్క్‌లేన్ చెనాయ్ ట్రేడ్ సెంటర్. కంప్యూటర్ సామాన్లకు మన రాష్ట్రంలో అదే పెద్ద సంత. అంతస్తుల కొద్దీ దుకాణాలు. నేను హుందాగా "లాప్‌టాప్ ర్యామ్ ఇవ్వండి" అన్నాను. "డీడీఆర్ ఎంత భాయ్?" అన్నాడు. నాకు చెమట పట్టింది. ఇంటికి ఫోన్ చేశాను. బిటియా అప్పటికే వెనక మూత తీసేసి కూర్చుంది! నేను లేకుండా మొదలుపెట్టొద్దని చెప్పి వచ్చాను, వింటేనా. పాత ముక్క మీది చీటీ చదివింది. "పీసీ 4 అని ఉంది అబ్బూ, అంటే డీడీఆర్ 4. ఒకటే స్లాట్. లాప్‌టాప్ ర్యామ్ అని చెప్పు, పెద్ద కంప్యూటర్‌ది పొడుగుంటుంది."

ఇది మీరు కూడా ముందే చూసుకోవాలి. డీడీఆర్ 3 గాడీలో డీడీఆర్ 4 దూరదు, మధ్యలో గాటు వేరే చోట ఉంటుంది. బలవంతంగా దూరిస్తే రెండూ పోతాయి. డీడీఆర్ 3 కాలం లాప్‌టాప్‌లలోనూ కొన్ని తక్కువ వోల్టేజీది, ఎల్ అక్షరం ఉన్నది, మాత్రమే తీసుకుంటాయి. ఎన్ని స్లాట్లున్నాయో, ఎన్ని నిండాయో టాస్క్ మేనేజర్ మెమరీ పేజీలోనే రాసి ఉంటుంది. మోడల్ నంబరు కొట్టి వెతికితే చాలా కంపెనీల సర్వీసు మాన్యువల్ దొరుకుతుంది, ఏ స్క్రూ ఎక్కడుందో బొమ్మలతో సహా.

విప్పింది ఇత్వార్ నాడు, జోహర్ నమాజ్ తర్వాత. ముందు రోజు రాత్రే కొత్త ఎస్‌ఎస్‌డీని యూఎస్‌బీ తీగతో తగిలించి, ఆ కంపెనీ ఉచితంగా ఇచ్చే సాఫ్ట్‌వేర్‌తో పాత డిస్క్ మొత్తాన్ని నకలు తీయించింది. నాలుగు గంటలు పట్టింది. దానికంటే ముందు అమ్మీ కహానీల ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో వేరేగా పెట్టింది. దాదీ ఆవాజ్ పోతే నన్ను నేను మాఫ్ చేసుకోలేనని ఆ పిల్లే అంది.

తెల్లటి కాగితం మీద లాప్‌టాప్ బొమ్మ గీసి, తీసిన ప్రతి స్క్రూను దాని చోట టేపుతో అంటించింది. ఎందుకే ఇదంతా అన్నాను. పొడుగు స్క్రూను పొట్టి రంధ్రంలో బిగిస్తే అది లోపలి బోర్డును పొడుస్తుందట. రబ్బరు కాళ్ల కింద కూడా రెండు దాక్కుని ఉన్నాయి. మూత అంచుల్లోని కొక్కేలు విడదీయడానికి గడువు తీరిన నా ఏటీఎం కార్డు పనికొచ్చింది. మూత తీయగానే మొదటి పని బ్యాటరీ తీగ ఊడదీయడం. చార్జర్ పీకేసినా బ్యాటరీ నుంచి కరెంటు ఉంటుంది, దాన్ని తీయకుండా ర్యామ్ ముట్టుకోవద్దు. ఇనుప కిటికీ చువ్వను ఒకసారి తాకి వచ్చి కూర్చుంది, ఒంట్లో ఉండే స్టాటిక్ కరెంటు పోవడానికి. తివాచీ మీద కూర్చుని చేయొద్దు అని నన్ను కూడా లేపింది.

లోపల చూసి ఇద్దరం నవ్వుకున్నాం. ఫ్యాన్ పచ్చగా ఉంది. మాది ఏర్గట్ల. 2016లో మండలమయింది, అంతకుముందు మోర్తాడ్ కింద ఉండేది. జనవరి నుంచి ఎండాకాలం దాకా పసుపు ఉడకబెట్టడం, ఆరబెట్టడం, డ్రమ్ముల్లో వేసి పాలిష్ పట్టడం. పాలిష్ పట్టే రోజుల్లో ఆ దుమ్ము గోడల మీద, ఆరేసిన బట్టల మీద, చాయ్ మీద కూడా ఉంటుంది. ఏడేళ్ల దుమ్ము ఫ్యాను రెక్కలకూ, వేడి బయటికి పంపే రాగి రేకులకూ మధ్య నమ్‌దాలా గడ్డకట్టింది. లాప్‌టాప్ అంత వేడెక్కడానికి ఇదో కారణం. వేడెక్కితే ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. పసుపు బోర్డు నిజామాబాద్‌కు 2025 జనవరిలో వచ్చింది, సంతోషం. మా ఊళ్లో లాప్‌టాప్‌లున్నవాళ్లు ఏడాదికోసారి ఫ్యాన్ కూడా శుభ్రం చేసుకోండని ఎవరైనా చెబితే ఇంకా సంతోషం. మెత్తటి బ్రష్షుతో దులపాలి, ఫ్యాన్ రెక్క వేలితో పట్టుకోవాలి, గాలి కొట్టినప్పుడు గిర్రున తిరగనివ్వొద్దు.

పాత డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ పెట్టడం ఐదు నిమిషాల పని. ర్యామ్‌ను ఏటవాలుగా దూర్చి కిందికి నొక్కాలి, రెండు పక్కలా క్లిప్పులు టక్కుమనాలి. అన్నీ బిగించి మీట నొక్కింది.

తెర నల్లగా ఉంది.

పది సెకన్లు. ఇరవై. ఫ్యాన్ తిరిగింది, లైటు వెలిగింది, తెర మీద ఏమీ లేదు. మా బేగం గుమ్మంలో నిలబడి "హాయ్ అల్లాహ్, పాడు చేశారా" అంది. నా నోట్లోంచి వచ్చిన మాట రాయాలంటే సిగ్గుగా ఉంది. "చెప్పానా, ఆడపిల్లకు ఇవన్నీ ఎందుకని" అన్నాను. ఆ రోజంతటిలో చెడిపోయింది ఏదైనా ఉంటే అదే, నా జుబాన్. పిల్ల నా వైపు చూడలేదు. ఒక నిమిషం ఆగింది. ర్యామ్ మారిస్తే మొదటిసారి కొన్ని లాప్‌టాప్‌లు లెక్క చూసుకోవడానికి టైమ్ తీసుకుంటాయట. అప్పటికీ రాకపోతే మళ్లీ ఆపేసి, విప్పి, బ్యాటరీ తీసి, ర్యామ్‌ను బయటికి లాగి, మళ్లీ దూర్చి, ఈసారి గట్టిగా నొక్కింది. ఒక పక్క క్లిప్పు సరిగా పడలేదు, అంతే. మీట నొక్కింది. ఇరవై సెకన్లలో తెర వచ్చింది, వాళ్ల దాదీ ఫోటోతో సహా.

మాఫీ అడిగాను. "హౌ, ఠీక్ హై" అంది. ఆ "ఠీక్ హై"లో ఇంకా కొంత బాకీ ఉందని నాకు తెలుసు.

ఇదంతా అయ్యాక నాకు మా అబ్బా గుర్తొచ్చారు. ఆయన రేడియో మెకానిక్. ఒక టేబుల్, ఒక సోల్డరింగ్ ఐరన్, అగర్‌బత్తీల డబ్బాల నిండా కెపాసిటర్లు. ఊరూరి నుంచి ట్రాన్సిస్టర్లు వచ్చేవి. నేను ఆ పేచ్‌కస్ పట్టుకుంటే చేతి మీద ఒకటి కొట్టేవారు. "తూ పఢ్. నువ్వు చదువుకో, ఈ పని నాతో పోనీ." ఆయన తప్పు కాదు. ఆ పనితో ఆయన చూసిన గరీబీ అలాంటిది. నన్ను ఉర్దూ మీడియంలో వేశారు, తర్వాత నేను తెలుగులో డిగ్రీ చేశాను, రెండు భాషల్లో రాయడం వచ్చింది. రేడియో విప్పడం రాలేదు. నలభై దాటిన నేను లాప్‌టాప్ వెనక ఎనిమిది స్క్రూలు చూసి భయపడ్డానంటే, ఆ భయం నాకు పుట్టుకతో వచ్చింది కాదు. ప్యార్‌తో నేర్పించింది.

2006 సచార్ కమిటీ నివేదిక చదివినవాళ్లకు తెలుసు. మన జనం నెల జీతం కొలువుల్లో తక్కువ, సొంత చేతి పనుల్లో ఎక్కువ. మెకానిక్ షెడ్డు, సైకిల్ దుకాణం, వెల్డింగ్, టైలరింగ్, మొబైల్ రిపేర్. ఆబిడ్స్ జగదీశ్ మార్కెట్‌కు పోయి చూడండి, గోరంత చిప్పును అద్దం కింద పెట్టి అతికే పిల్లలు. ఎదుటివాళ్లు "పంక్చర్‌వాలా" అని ఎగతాళి చేస్తే మనకు కోపం వస్తుంది, రావాలి కూడా. కానీ ఆ ఎగతాళిని మనమే లోపలికి తెచ్చుకున్నాం. చదువు రానివాడికే హునర్, చదువుకున్నవాడికి చేతులు మురికి కావొద్దు అని ఇంట్లో గోడ కట్టేశాం. దాని ఫలితం ఏమిటంటే బీటెక్ చదివే పిల్లవాడికి తన లాప్‌టాప్‌లో ర్యామ్ ఎక్కడుందో తెలియదు. మొబైల్ దుకాణంలో కూర్చున్న పదో తరగతి పిల్లవాడికి ఆ పని వెనక ఉన్న సైన్సు ఎవరూ చెప్పలేదు. ఇద్దరూ ఒకే మొహల్లా వాళ్లు, చాలాసార్లు ఒకే ఖాందాన్ వాళ్లు.

ఇక ఆడపిల్లల సంగతి. కుట్టుమిషన్ చెడిపోతే మా అమ్మీయే విప్పి, నూనె వేసి, బెల్టు మార్చి బిగించేది. అప్పుడెవరూ ఆడదానికి ఎందుకు అనలేదు. మిషన్ ఆడవాళ్లది కాబట్టి. ఇప్పుడు లాప్‌టాప్ కూడా వాళ్లదే కదా?

దుకాణదారులకు కోపం రావచ్చు. వాళ్లలో మనవాళ్లే ఎక్కువ, నాకు తెలుసు. వాళ్ల రోజీ మీద కొట్టాలని నేను రాయట్లేదు. చేయి తిరిగిన ఉస్తాద్ చేయాల్సిన పనులు బోలెడున్నాయి. నీళ్లు పడ్డ బోర్డు, విరిగిన కీలు, పగిలిన తెర. బ్యాటరీ ఉబ్బి మూత పైకి లేచిందంటే ఇంట్లో ఎవరూ పేచ్‌కస్ పెట్టొద్దు, లిథియం, గుచ్చుకుంటే మంట లేస్తుంది. ఆపేసి పక్కన పెట్టి తెలిసినవాడి దగ్గరికి తీసుకెళ్లండి. నేను దుకాణాలవాళ్లను అడిగేది కొంచెమే. విప్పకుండా తీర్పు చెప్పొద్దు. మారిస్తే పాత ముక్క చేతికివ్వండి. పాస్‌వర్డ్ లేకుండా అయ్యే పనికి పాస్‌వర్డ్ అడగొద్దు. ర్యామ్ మార్చడానికి, డిస్క్ మార్చడానికి అది అక్కర్లేదు.

అసలు కొట్లాడాల్సింది దుకాణంతో కాదు, కంపెనీలతో. ఇప్పుడొచ్చే సన్నటి లాప్‌టాప్‌లలో చాలావాటికి ర్యామ్‌ను బోర్డుకే సోల్డర్ చేస్తున్నారు. కొన్నప్పుడు ఎంతో, చచ్చేదాకా అంతే. నా కూతురి చేతికి ఎంత హునర్ ఉన్నా అక్కడ పనికిరాదు. ఢిల్లీలో వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో మరమ్మతు హక్కు మీద కమిటీ వేసింది, డిసెంబరులో ఒక పోర్టల్ పెట్టింది. వ్యవసాయ యంత్రాలు, ఫోన్లు, ఇంటి సామాన్లు, బండ్లు దాని లెక్కలో ఉన్నాయి. పోర్టల్‌లో నంబర్లు, చిరునామాలు ఉన్నాయి గానీ, ముక్కలు అమ్మకపోతే శిక్ష ఉన్న చట్టం ఇంకా కావాలి. అమెరికాలో స్టిక్కర్ చింపితే వారంటీ పోతుందని బెదిరించే కంపెనీలకు 2018లో అక్కడి ప్రభుత్వ సంస్థ హెచ్చరిక లేఖలు పంపింది, 1975 నాటి చట్టం చేతిలో ఉంది కాబట్టి. మన దగ్గర మాత్రం వారంటీ ఉన్నంతవరకు కాగితం చదివి, ఆ తర్వాతే విప్పండి. కొత్తది కొంటే రంగు, బరువు తర్వాత. ర్యామ్ మార్చుకోవచ్చా, ఎన్ని స్లాట్లు అని ముందడగండి. దుకాణంలో చెప్పలేకపోతే మోడల్ నంబరు రాసుకుని ఇంటికొచ్చి చూసుకోండి, ఆ రోజు కొనకపోతే ఆకాశం ఊడిపడదు.

పేచ్‌కస్ అన్నిటినీ బాగు చేయదని కూడా చెప్పాలి. మా దాంట్లో ఉన్నది ఇంటెల్ ఏడో తరం ప్రాసెసర్. విండోస్ 11 ఎనిమిదో తరం నుంచే తీసుకుంటామంటుంది, విండోస్ 10కి మామూలు భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. పేరు నమోదు చేసుకుంటే 2026 అక్టోబరు దాకా ఇంకో ఏడాది ఇస్తారు. బిటియా అందుకు ఒప్పుకోలేదు. లైనక్స్ మింట్ ఎక్కించింది, పైసా ఖర్చు లేదు. కాలేజీలో ఒక సాఫ్ట్‌వేర్ దాని మీద నడవకపోతే విండోస్‌ను కూడా ఒక పక్క ఉంచింది. నేను తెలుగు, ఉర్దూ రెండూ దాంట్లోనే టైపు చేస్తున్నాను. ఈ వ్యాసం కూడా. వారం రోజులు విసుక్కున్నాను, తర్వాత అలవాటైపోయింది.

ఇక ధరలు. పోయిన ఏడాది చివరి నుంచి ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగాయి. ఏఐ డేటా సెంటర్లకు మెమరీ చిప్పులన్నీ పోతున్నాయి. క్రూషియల్ పేరుతో మనలాంటివాళ్లకు ర్యామ్ అమ్మే వ్యాపారం నుంచే తప్పుకుంటున్నామని మైక్రాన్ 2025 డిసెంబరులో ప్రకటించింది. కాబట్టి నేను 1,650కి కొన్నది మీకు ఆ ధరకు రాదు. రెండూ కొనడానికి డబ్బు లేకపోతే, ఇప్పటికి ఎస్‌ఎస్‌డీ ఒక్కటి మార్చండి. పాత తిరిగే డిస్క్ ఉన్నవాళ్లకు తేడా ఎక్కువ కనపడేది దాంతోనే. ర్యామ్‌కు వాడినది దొరుకుతుందేమో చూడండి, తిరిగే భాగాలు లేవు కాబట్టి త్వరగా అరిగిపోదు. ఆన్ చేసి చూపించమని, వారం రోజుల గ్యారంటీ ఇమ్మని అడగండి.

తీసిన పాత హార్డ్ డిస్క్ మా అల్మారాలో ఉంది. ఎవరికీ ఇవ్వం, అందులో ఇంటి ఫోటోలున్నాయి. పాత 4 జీబీ ర్యామ్ ముక్క మాత్రం సుపారీ డబ్బాలో ఖాళీగా పడి ఉంది. డీడీఆర్ 4, లాప్‌టాప్‌ది, బాగా పనిచేస్తుంది. రెండో స్లాట్ ఖాళీగా ఉన్నవాళ్లు ఎవరైనా ఏర్గట్ల వైపు వస్తే తీసుకెళ్లండి, పైసలొద్దు. ఇత్వార్ నాడైతే బిటియా ఇంట్లోనే ఉంటుంది. పెట్టుకోవడం ఎలాగో చూపిస్తుంది గానీ, తాను పెట్టదు. మీ పిల్లనో పిల్లవాడినో వెంట తీసుకురమ్మంది.